పెడల్ తీరును బట్టి కారు బ్రేకుల స్థితిని గ్రహించడం

గ్యారేజీకి కారు తెచ్చేవాళ్లు బ్రేకుల గురించి చెప్పే మాట సాధారణంగా ఒక్కటే ఉంటుంది: “బ్రేకు సరిగా పడటం లేదు.” ఆ మాట వల్ల మెకానిక్‌కు తెలిసేది చాలా తక్కువ. పెడల్ మెత్తబడిందా, బిగుసుకుపోయిందా, మరీ కిందికి వెళ్తోందా, తొక్కి పట్టుకుంటే మెల్లగా జారుతోందా, కాలి కింద అదురుతోందా, లేక పెడల్ బాగానే ఉండి కారు మాత్రం ఒక పక్కకు లాగుతోందా అన్న సంగతి మనం చెప్పకపోతే, ఆయన తనకు తోచిన భాగాన్ని మారుస్తాడు, డబ్బు మన జేబులోంచి పోతుంది. నా పాత హ్యాచ్‌బ్యాక్‌కు పెడల్ మెత్తగా ఉందని చెప్పి ఒకే ఏడాదిలో రెండుసార్లు ముందు ప్యాడ్లు మార్పించాను. రెండుసార్లూ తేడా ఏమీ కనిపించలేదు. చివరకు వేరే చోట ఒక పెద్దాయన డ్రైవర్ సీట్లో కూర్చుని, బండి కదపకుండానే పెడల్‌ను మూడుసార్లు తొక్కి చూసి, “మెత్తగా లేదు సార్, కిందికి ఉంది. రెండూ ఒకటి కాదు,” అన్నారు. వెనక డ్రమ్ము బ్రేకుల్లో షూల మీద ఉండే రాపిడి పొరలు, అంటే లైనర్లు అరిగి, షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం పెరిగిందట. ఆ ఎడాన్ని సరిచేయడానికి అరగంట పట్టింది. అప్పటిదాకా నేను చేసిన ఖర్చంతా తప్పు మాట వాడినందుకు కట్టిన జరిమానా అనుకున్నాను.

సరైన మాట దొరకాలంటే కాలి కింద జరిగేది కొంత తెలిసి ఉండాలి. పెడల్ ఒక మీట. మనం వేసిన బలం దానివల్ల సుమారు నాలుగైదు రెట్లై లోపలి కడ్డీ మీద పడుతుంది. వాక్యూమ్ బూస్టర్ ఆ బలాన్ని ఇంకా పెంచి మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్లను నెడుతుంది. అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్ సన్నని గొట్టాల గుండా ఆ ఒత్తిడిని నాలుగు చక్రాలకూ చేరవేస్తుంది. ముందు చక్రాల దగ్గర క్యాలిపర్లు డిస్క్‌ను రెండు వైపుల నుంచీ ప్యాడ్లతో అదుముతాయి. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ములే ఉంటాయి కనుక, అక్కడ షూలు విచ్చుకుని డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకుంటాయి. ద్రవాన్ని నొక్కితే కుంచించుకోదు, గాలిని నొక్కితే కుంచించుకుంటుంది. పెడల్ విషయంలో తెలుసుకోవలసిన దానిలో సగం ఈ తేడాలోనే ఉంది.

బ్రేకు బాగున్నప్పుడే దాన్ని గుర్తుపెట్టుకోవాలి

జ్వరం వచ్చిందని తెలియాలంటే మామూలు ఒళ్లు ఎలా ఉంటుందో తెలియాలి కదా. అలాగే బ్రేకులు బాగున్న రోజునే పెడల్ ఎలా ఉందో కాలికి అలవాటు చేసుకోవాలి. ఆదివారం తెల్లవారుజామున, వెనక ఎవరూ రాని తిన్నని ఖాళీ రోడ్డు చూసుకోండి. చెప్పులు విప్పి, పలుచని అడుగున్న బూట్లు వేసుకోండి. పాటలు ఆపి అద్దాలు దించండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో పెడల్ మీద పాదం ఆనించి నెమ్మదిగా బలం పెంచుతూ పోతే మూడు దశలు తెలుస్తాయి. మొదటి కొద్ది మిల్లీమీటర్లలో ఏమీ జరగదు; చేత్తో నొక్కినా కదిలేటంత తేలికైన ఈ భాగాన్ని ఫ్రీ ప్లే అంటారు. ఆ తరువాత ప్యాడ్లు డిస్క్‌ను తాకి, బండిని ఎవరో వెనక నుంచి మెల్లగా పట్టుకున్నట్టు అనిపించే చోటు వస్తుంది. అక్కడి నుంచి పెడల్ పెద్దగా కిందికి పోదు. కాలి బలం పెరిగిన కొద్దీ బ్రేకు పెరుగుతుంది.

ఈ మూడో దశను చాలామంది సరిగా అర్థం చేసుకోరు. యాక్సిలరేటర్‌ను ఎంత దూరం నొక్కామన్నది లెక్క; బ్రేకులో మాత్రం ఎంత బలంగా నొక్కామన్నదే లెక్క. దూరాన్ని కొలిచే అలవాటున్న కాలు కొత్త కారు ఎక్కగానే తడబడటానికి కారణం ఇదే. బ్రేకు పట్టే చోటు ఒక కారులో పైన, ఇంకో కారులో కొంచెం కింద ఉండటం లోపం కాదు. మీ కారులో ఆ చోటు నిన్నటికీ ఇవాళ్టికీ మారిందా అన్నదే చూసుకోవలసింది.

అదే రోడ్డు మీద ఒక్కసారి, వెనక ఎవరూ లేరని అద్దంలో మళ్లీ చూసుకుని, పెడల్‌ను పూర్తి బలంతో తొక్కి చూడండి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లకు ఏబీఎస్, అంటే గట్టి బ్రేకుకు చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి అయింది కనుక ఆ తరువాత కొన్న కారైతే అది ఉంటుంది. అది పనిచేసేటప్పుడు పెడల్ కాలి కింద దడదడ కొట్టుకుంటుంది, బానెట్ వైపు నుంచి గరగరమనే చప్పుడు కూడా వస్తుంది. చక్రం జారబోయిన ప్రతిసారీ ఒత్తిడిని సెకనులో ఎన్నోసార్లు వదిలి పట్టడం వల్ల వచ్చే అదురు అది. మొదటిసారి నిజమైన ప్రమాదంలోనే దాన్ని ఎదుర్కొన్నవాళ్లు ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు. కాలు తీయకూడదు, వదిలి వదిలి తొక్కకూడదు. అలాగే అదిమి పట్టి స్టీరింగ్‌తో అడ్డంకిని తప్పించుకోవాలి. ఈ ఒక్క అనుభవం కోసమైనా ఆ ఆదివారం పొద్దున్నే లేవవచ్చు.

బండి నిలిపి చేయగల పరీక్షలు

ఇంజన్ ఆపి ఉంచి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. కాలు అలాగే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. దిగకపోతే బూస్టర్‌నో, దానికి వచ్చే వాక్యూమ్ గొట్టాన్నో, ఆ గొట్టంలోని వాల్వునో అనుమానించాలి. బండి నడిచేటప్పుడు పెడల్ కట్టెలా ఉండి, రెండు కాళ్ల బలం వేస్తే గాని బండి ఆగని పరిస్థితికి సాధారణంగా కారణం ఇదే.

తరువాత ఇంజన్ నడుస్తుండగానే పెడల్‌ను గట్టిగా తొక్కి, మనసులో అరవై అంకెలు లెక్కపెట్టుకుంటూ అలాగే పట్టుకోండి. పెడల్ ఉన్నచోట ఉండాలి. మెల్లగా కిందికి జారుతూ పోతుంటే ఒత్తిడి ఎక్కడో కారుతోందన్నమాట. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. మట్టం తగ్గి ఉంటే గొట్టాల దగ్గరో చక్రాల దగ్గరో బయటికి కారుతోంది, నాలుగు టైర్ల లోపలి వైపు తడి మరక కోసం వెతకాలి. మట్టం తగ్గకుండానే పెడల్ జారుతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీళ్లు పోయి ఉంటాయి. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఆ కారును నడుపుకుంటూ గ్యారేజీకి తీసుకువెళ్లకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

మూడో పరీక్ష నన్ను రెండు సెట్ల ప్యాడ్ల ఖర్చు నుంచి కాపాడి ఉండవలసినది. పెడల్‌ను ఒకసారి తొక్కి అది ఎక్కడ ఆగిందో చూసుకోండి, వెంటనే వదిలి మళ్లీ రెండుసార్లు తొక్కండి. రెండోసారి, మూడోసారి పెడల్ పైకి వస్తే రెండు కారణాలుండవచ్చు, కాలికి ఆ రెండూ వేర్వేరుగా తెలుస్తాయి. స్పాంజిని నొక్కుతున్నట్టు, ఎంత నొక్కినా ఇంకా కొంచెం దిగుతున్నట్టు ఉంటే లైన్‌లో, అంటే బ్రేక్ ఆయిల్ గొట్టాల్లో, గాలి చేరింది; ఆ గాలిని బయటికి తీసే బ్లీడింగ్ చేయించాలి. మొదటిసారి లోతుగా దిగినా, ఆగిన చోట గట్టిగా ఆగుతుంటే అది గాలి కాదు, వెనక షూల ఎడం. పెద్దాయన “మెత్తగా లేదు, కిందికి ఉంది” అన్నది ఈ తేడా గురించే.

బ్రేక్ ఆయిల్ గురించి ఇక్కడే చెప్పాలి. అందరూ ఆయిల్ అంటారు గాని, మన కార్లలో వాడే డాట్ 3, డాట్ 4 రకాలు నూనెలు కావు, గ్లైకాల్ ద్రవాలు. వాటికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 4 ద్రవం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, దాదాపు 3.7 శాతం నీరు చేరిన తరువాత ఆ కనీస హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3కు ఈ హద్దులు 205, 140. అందుకే కిలోమీటర్లు పెద్దగా తిరగకపోయినా సుమారు రెండేళ్లకోసారి దాన్ని మార్చమని చాలా కంపెనీల మాన్యువల్స్ చెబుతాయి. మూత మీద రాసిన రకం తప్ప వేరేది పోయకూడదు. ఇంజన్ ఆయిల్ పొరపాటున పడినా లోపలి రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి. మట్టం తగ్గిందని పైపైన నింపేసి ఊరుకోవడం మరో పొరపాటు. ప్యాడ్లు అరిగిన కొద్దీ మట్టం సహజంగానే కొంత తగ్గుతుంది కనుక, తగ్గిన మట్టం ప్యాడ్లు చూసుకోమని చెబుతున్నట్టే.

అదురు, లాగుడు, చప్పుడు

మామూలుగా బ్రేకు వేసినప్పుడు, ఏబీఎస్‌తో పని లేకుండానే, పెడల్ లయగా పైకీ కిందికీ కదులుతుంటే డిస్క్ మందం అంతటా ఒకేలా లేదని అర్థం. “డిస్క్ వంగింది” అంటారు గాని, ఎక్కువసార్లు అది నిజంగా వంగి ఉండదు. ఒకచోట ఎక్కువ అరిగి ఉంటుంది, లేదా ప్యాడ్ పదార్థం ఒకచోట మందంగా అంటుకుని ఉంటుంది. మిల్లీమీటరులో కొన్ని వందోవంతుల తేడా ఉన్నా కాలికి తెలిసిపోతుంది. అదురు స్టీరింగ్‌లో తెలిస్తే ముందు డిస్కులను, సీటులోనూ పెడల్‌లోనూ మాత్రమే తెలిస్తే వెనక వాటిని ముందుగా చూడమనండి. పంక్చర్ వేయించిన తరువాత ఈ అదురు మొదలైతే చక్రం నట్లు ఎగుడుదిగుడుగా బిగించారేమో చూసుకోండి.

కారు పక్కకు లాగుతుంటే అన్నిటికంటే ముందు టైర్లలో గాలి చూడాలి. పది నిమిషాల పనికి క్యాలిపర్ విప్పించుకోవలసిన అవసరం ఉండదు. గాలి సమంగానే ఉంటే కాస్త ఆలోచించాలి. బ్రేకు వేసినప్పుడు మాత్రమే కారు కుడికి లాగుతోందంటే కుడి బ్రేకు ఎక్కువ పడుతోందని కాదు, ఎడమది పడకపోయి ఉండవచ్చు. బ్రేకు వేయకపోయినా కుడికే లాగుతూ, బండి బరువుగా పరుగెత్తుతుంటే కుడి క్యాలిపర్ పట్టేసి ఉండవచ్చు. ఇది తేల్చుకోవడానికి, బ్రేకు ఎక్కువ వాడకుండా పదిహేను నిమిషాలు నడిపి, దిగి, ప్రతి చక్రం దగ్గరా అరచేతి వెనక భాగాన్ని ఉంచి వేడి పోల్చి చూడండి. డిస్క్‌ను ముట్టుకోవద్దు. ఒక చక్రం నుంచి మాత్రమే సెగ కొడుతుంటే బ్రేకు పట్టేసిన చక్రం అదే.

చప్పుళ్ల విషయంలో అనవసరమైన భయమే ఎక్కువ. వానాకాలంలో పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకు వచ్చే గీరుడు, రాత్రి డిస్క్ మీద పట్టిన తుప్పు పొర వల్ల వచ్చేది, అదే పోతుంది. హ్యాండ్ బ్రేకు వేసి తడిలో ఉంచిన కారు కదిలించగానే వెనక నుంచి “టక్” మంటే డ్రమ్ముకు అంటుకున్న షూ విడివడిందన్నమాట. సన్నని కీచుమనే శబ్దం రోజూ వస్తుంటే ప్యాడ్‌కు అమర్చిన రేకు డిస్క్‌ను తాకుతోంది. వారంలోపు ప్యాడ్లు చూపించాలి. ఇనుము మీద ఇనుము రాసినట్టు గరగరమంటే ప్యాడ్ పూర్తిగా అయిపోయింది. ఆ తరువాత ఆలస్యం చేసిన ప్రతి రోజూ డిస్క్ ఖర్చు కూడా కలుస్తుంది.

ఘాట్ రోడ్డు మీద మారిపోయే పెడల్

పైన చెప్పినవన్నీ రోజులూ నెలలూ పట్టి వచ్చే మార్పులు. అరగంటలో పెడల్ మారిపోయే చోటు ఘాట్ రోడ్డు. తిరుమల నుంచి అలిపిరికి దిగడం అంటే సుమారు 700 మీటర్ల ఎత్తు కోల్పోవడం. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారు అంత ఎత్తు దిగితే వెలువడే శక్తి, 30 డిగ్రీల దగ్గరున్న 28 లీటర్ల నీటిని మరిగించడానికి సరిపోతుంది. అంటే రెండు పెద్ద బిందెల నీళ్లను కాచేటంత వేడి అన్నమాట. ఆ వేడిలో కొంత గాలి నిరోధానికీ టైర్లకూ పోతుంది. మిగిలినదాన్ని ఇంజన్ భరించాలి, లేదా బ్రేకులు భరించాలి. గేరు న్యూట్రల్‌లో వేసి దించేవాళ్లు ఆ భారమంతా డిస్కుల మీదే పెడుతున్నారు. పెట్రోలు ఆదా అవుతుందన్న నమ్మకం కూడా ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లకు వర్తించదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే అవి ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే ఇంజన్ ఆగకుండా ఉండటానికి కొంత తాగుతాయి.

అరకు నుంచి ఐదుగురితో దిగుతూ, అనంతగిరి మలుపుల్లో మూడో గేరులో పెడల్ మీద కాలు ఆనించి ఉంచిన తప్పు నేనే చేశాను. మొదట అద్దంలోంచి కాలిన రబ్బరు లాంటి ఘాటైన వాసన వచ్చింది, ముందు పోయే లారీదనుకున్నాను. రెండు మలుపుల తరువాత పెడల్ ఎప్పటిలా గట్టిగానే ఉంది గాని, అంతే బలానికి బండి ముందులా ఆగడం లేదు. ఇది ఫేడ్: వేడెక్కిన ప్యాడ్‌కు పట్టు తగ్గింది. ఇంకొంచెం దూరం వెళ్లాక పెడల్ మెత్తబడి లోతుగా దిగడం మొదలైంది. ఇది వేరే సంగతి, మొదటిదానికంటే ప్రమాదకరమైనది: ఆయిల్‌లో చేరిన నీరు మరిగి ఆవిరై, లైన్‌లో గాలి చేరినట్టే అయింది. రెండో గేరులోకి, ఆపై ఒకటిలోకి దించి, టీ కొట్టు దగ్గర వెడల్పైన చోట ఆపాము. ముప్పావు గంట తరువాత పెడల్ మళ్లీ పైకి వచ్చింది. దిగువకు వచ్చిన మర్నాడే ఆయిల్ మార్పించాను. డబ్బాలోంచి తీసినది డికాక్షన్ రంగులో ఉంది.

కాబట్టి దిగుడు మొదలయ్యే ముందే, ఎక్కేటప్పుడు వాడిన గేరులోకి, అంటే రెండులోకి గాని మూడులోకి గాని దించుకోవాలి. వేగం పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా బ్రేకు వేసి తగ్గించి, పూర్తిగా వదలాలి; వదిలిన ఆ కొద్దిసేపే డిస్కులకు చల్లబడే వీలు దొరుకుతుంది. ఆటోమేటిక్ కార్లలో ఎల్, 2, లేదా మాన్యువల్ మోడ్ ఉన్నది ఇందుకే. బాగా కాగిన బ్రేకులతో ఆగినప్పుడు పెడల్‌ను అదిమి పట్టుకోకుండా, గేరులో వేసి చక్రాలకు రాళ్లు పెట్టడం మంచిది, లేకపోతే ప్యాడ్ ముద్ర డిస్క్ మీద పడి ఇంతకుముందు చెప్పిన అదురు మొదలవుతుంది.

ఎలక్ట్రిక్ కార్లు

ఎలక్ట్రిక్ కారులో యాక్సిలరేటర్ వదలగానే మోటారే జనరేటరై బండిని పట్టుకుంటుంది. అందువల్ల బ్రేకు పెడల్‌తో పని తక్కువ, ప్యాడ్లు చాలాకాలం వస్తాయి. ఇందులో రెండు చిక్కులున్నాయి. వాడకం తక్కువ కావడం వల్ల డిస్కులు తుప్పుపట్టి, నిజంగా అవసరమైన రోజున గీరుతూ పడతాయి. వారానికోసారి ఖాళీ రోడ్డు మీద నాలుగైదు గట్టి బ్రేకులు వేస్తే అవి శుభ్రపడతాయి. రెండోది, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఆ విద్యుత్తును నింపడానికి చోటుండదు కనుక మోటారు పట్టు తగ్గుతుంది. కొండ మీద రాత్రంతా నూటికి నూరు శాతం ఛార్జి చేసి పొద్దున్నే దిగడం మొదలుపెట్టినవాళ్లకు, నిన్న ఎక్కేటప్పుడున్న కారు ఇది కాదనిపిస్తుంది. అక్కడ ఎనభై, ఎనభై ఐదు శాతంతో ఆపేయడం తెలివైన పని.

తొక్కే తీరు

బ్రేకు వేయగానే బండి బరువు ముందు చక్రాల మీదికి వాలుతుంది, ఆ బరువుతోనే వాటికి పట్టు పెరుగుతుంది. అందుకే మొదట తేలికగా ఆనించి, బండి ముక్కు వంగడం తెలియగానే బలం పెంచి, ఆగబోయే చివరి మీటరులో కొద్దిగా వదలాలి. వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లవాడి తల ముందుకు తూలకపోతే సరిగా వేసినట్టు. మాన్యువల్ కారులో ముందుగా క్లచ్ తొక్కే అలవాటు మానుకోవాలి; క్లచ్ తొక్కితే ఇంజన్ పట్టు పోతుంది, అది బండి వణకబోయే ముందు చాలు. దూరం లెక్క కూడా కాలికి తెలిసి ఉండాలి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే 50 కిలోమీటర్ల వేగం నుంచి సుమారు 14 మీటర్లలో ఆగే కారుకు, 100 నుంచి ఆగడానికి దాదాపు 55 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలవుతుంది. మనం తేరుకునే ఒక్క సెకనులో 100 వేగంతో పోయే కారు మరో 28 మీటర్లు పోతుంది, అది అదనం.

పెడల్ ఒక్కసారిగా నేలకు తగిలితే వదిలి వదిలి వేగంగా తొక్కండి, కొంత ఒత్తిడి తిరిగి రావచ్చు. ఆ లోపల గేర్లు ఒక్కొక్కటిగా దించండి. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకుకు వేరే తీగ ఉంటుంది కనుక అది పనిచేస్తుంది. బొటనవేలితో బటన్ నొక్కి ఉంచి కొంచెం కొంచెంగా లాగాలి, ఒక్కసారి లాగితే వెనక చక్రాలు జారి బండి తిరిగిపోతుంది. బయలుదేరే ముందు డ్రైవర్ కాళ్ల దగ్గర నీళ్ల సీసా లేకుండా, మ్యాట్ పెడల్ కిందికి జరగకుండా చూసుకోండి. పెడల్ కిందికి దొర్లిన సీసాకు ఏ మెకానిక్ దగ్గరా మందు లేదు.

ప్యాడ్లు మార్పించిన రోజున పెడల్ కొంచెం మొద్దుగా అనిపించడం సహజం; కొత్త ప్యాడ్ ఇంకా డిస్క్‌కు ఒదగలేదు. గ్యారేజీ నుంచి కదలకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, ఎందుకంటే వెనక్కి నెట్టిన పిస్టన్లు ముందుకు వచ్చేదాకా మొదటి తొక్కుడుకు ఏమీ పడకపోవచ్చు. తరువాత ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 15 దాకా, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు మధ్యస్థంగా బ్రేకు వేసి, కొన్ని కిలోమీటర్లు బ్రేకు ముట్టుకోకుండా నడిపి చల్లబడనివ్వండి. మొదటి 200 కిలోమీటర్లూ అత్యవసరమైతే తప్ప గట్టి బ్రేకులు వేయకుండా నడిపి, ఆ పైన వచ్చే ఆదివారం మళ్లీ అదే రోడ్డుకు వెళ్లి, అదే 40 వేగంలో, బ్రేకు ఇప్పుడు ఎక్కడ పడుతోందో కాలితో కొత్తగా గుర్తుపెట్టుకోండి.